పద్దెనిమిది అడుగుల తొట్టెల

అమ్మవారి మీద ఆన, నేను ఎక్కి దిగిన ప్రతి కరెంటు స్తంభం మీద ఆన, ఇప్పుడు రెండు మెట్లెక్కమన్నా మొరాయిస్తున్న నా మోకాళ్ళ మీద ఆన: ఇక్కడ రాస్తున్న ప్రతి మాటా నిజం. నా సంగతి తెలిసినవాళ్ళు ఈపాటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. నవ్వనివ్వండి. సైనిక్‌పురిలో నేను స్తంభం మీద ఉంటే ఒక రిటైర్డ్ కర్నల్ గారి కుక్క నాకు కావలసినవన్నీ నోట కరుచుకుని అందించిందని ఊరంతా చెప్పింది నేనే. కరుచుకున్నమాట నిజమే. కరుచుకున్నవాటిలో నా ప్యాంటు కూడా ఉంది. ఆ ముక్క చెప్పను, అంతే.

ఇరవై ఆరేళ్ళు లైన్‌మన్‌గా సికింద్రాబాదు గాలిలో బతికాను. గాలిలో అంటే నిజంగా గాలిలోనే. మోకాళ్ళు అరిగిపోయాక నా అంతట నేనే ముందుగా రిటైర్‌మెంట్ తీసుకున్నాను. మొన్న సెక్షన్ ఆఫీసుకు వెళ్తే కొత్తగా చేరిన పిల్లలు టీ తాగించి, "అన్నా, నీ సర్వీసుల అన్నిటికన్న పెద్ద షాక్ ఎప్పుడు కొట్టింది?" అని అడిగారు. అలాంటివాళ్ళ కోసం పదకొండు వేల ఓల్టుల కథ ఒకటి నా దగ్గర ఎప్పుడూ తయారుగా ఉంటుంది. అది చెప్పి, రెండో టీ కూడా తాగి వచ్చేశాను. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. అసలు షాక్ ఇది. ఇందులో కరెంటు లేదు. ఆ వేళ కరెంటు ఆపేసే ఉంది.

బోనాలంటే మీకు తెలుసు. తొట్టెల సంగతే మీకు సగం తెలుసు. ఇప్పుడు దుకాణంలో కవరు చుట్టి అమ్మే థర్మాకోల్ బొమ్మ కాదు నేను చెప్పేది. సన్నగా చీల్చిన వెదురు బద్దలతో అంతస్తు మీద అంతస్తు కట్టి, రంగు కాగితాలు అతికించి, కొసన కాగితపు చిలకలు వేలాడదీసి, మొక్కు తీరినవాళ్ళు అమ్మవారికి సమర్పించే ఊయల అది. పేరుకే ఊయల, చూడ్డానికి గోపురం. ఒక మనిషి తల మీద మోస్తుంటే, ఒరగకుండా నలుగురు నాలుగు వైపులా తాళ్ళు పట్టుకుని నడవాలి.

కార్ఖానా వెనక బస్తీలో దాన్ని కట్టే పెద్దాయన ఒకడుండేవాడు. మేదరి. నలభై ఏళ్ళుగా ఆషాఢం వస్తే ఆ చుట్టుపక్కల మొక్కులన్నీ ఆయన చేతుల మీదుగానే వెళ్ళేవి. ఆయనకు కొన్ని పట్టింపులు ఉండేవి. ముళ్ళన్నీ వేసి పసుపునీళ్ళు చల్లాక తొట్టెలకు కత్తి తాకకూడదు. అమ్మవారి ముందుకు చేరేదాకా దాన్ని పడుకోబెట్టకూడదు. పడుకోబెడితే అది పాడెతో సమానమని ఆయన లెక్క.

ఆయనకూ మా కరెంటాఫీసుకూ మధ్య ఒక ఒప్పందం ఉండేది. ఏ కాగితం మీదా లేదు. పండగకు పది రోజుల ముందు ఆయన ఒక పొడుగాటి వెదురు తెచ్చి మా గోడకు ఆనించేవాడు. కట్టబోయే తొట్టెల ఎత్తు, మోసేవాడి ఎత్తు కలిపితే ఎంతో, ఆ కర్ర అంత. కొసకు పసుపు గుడ్డ. ఆ కర్రను నిలబెట్టి పట్టుకుని బస్తీ నుంచి గుడిదాకా ఊరేగింపు దారంతా మేం నడవాలి. గుడ్డ తగిలిన చోటల్లా తీగ బిగించాలి, లేదా ఆ తీగ ఎవరిదో వాళ్ళను పట్టుకుని పైకి కట్టించాలి. రెండు రోజుల పని. తర్వాత వెళ్ళి, "దాటుతది తాతా" అని చెప్పాలి. ఆ మాట విన్నాకే ఆయన పై అంతస్తులు కట్టేవాడు. మూడేళ్ళుగా ఆ నడక నా డ్యూటీ.

నేను చెప్పే ఏడు, రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. కర్ర చూసి నేను తల వెనక్కి వంచాల్సి వచ్చింది. పద్దెనిమిది అడుగులు.

"ఏంది తాతా, తొట్టెల కడుతున్నవా, సెల్ టవర్ కడుతున్నవా?" అన్నాను.

"నవ్వకు పిలగా. గీసారి మొక్కు నాది," అన్నాడు. "నలభై ఏండ్ల సంది మంది మొక్కులే మోసిన. నా బిడ్డకు మూడుసార్లు కడుపు నిలవలే. గీసారన్న నిలిస్తే ఏడంతస్తుల తొట్టెల ఇస్త తల్లీ అన్న. ఆడపిల్ల పుట్టింది, బంగారమసొంటిది. ఇగ చూడు, నా చేతులు సుత వణుకుతున్నయ్. మల్ల ఏడు నాతోని కాదు. గిదే ఆఖరుది. జెర మంచిగ చూసి చెప్పు."

"నువ్వు పరేషాన్ గాకు. నేనున్న గదా," అన్నాను.

ఉన్నానా? అక్కడికే వస్తున్నాను.

ఆ రోజుల్లో ఊరికి కంప్యూటరు పూనింది. బోనాలకు శివసత్తులు ఊగినట్టు ఊగింది జనం. ఇస్త్రీ బండి ఉన్న చోట నెల తిరిగేసరికి ఇంగ్లీషు నేర్పే క్లాసు వచ్చేది, దాని మీద అంతస్తులో అమెరికా డాక్టర్ల మాటలు టైపు చేసే ఆఫీసు, దాని మీద నీలం అద్దాలు. మా పక్కింటి దర్జీ తమ్ముడు మెడలో కార్డు వేసుకుని తిరుగుతుంటే, మా అమ్మ ఆ కార్డును అమ్మవారి బొట్టుబిళ్ళను చూసినట్టు చూసేది. నేను మాత్రం నడుముకు తాడు కట్టుకుని స్తంభాలు ఎక్కుతున్నాను. నాకూ పూనింది. బేగంపేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జావాకు చేరాను. ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు.

కర్ర పట్టుకుని నడవాల్సిన రెండు రోజులూ క్లాసులో ల్యాబు పడింది. ఆ ల్యాబు తప్పితే మళ్ళీ నెలదాకా కంప్యూటరు దొరకదు. కిందటేడు చూశాను కదా, ఏడాదిలో ఏం మారి ఉంటుంది, మహా అయితే నాలుగు కేబుల్ టీవీ తీగలు, వాటిని అప్పటికప్పుడు కర్రతో ఎత్తేయొచ్చు అనుకున్నాను. కొలత కర్రను ఆఫీసు వెనక గడ్డిలో పడుకోబెట్టి బేగంపేట బస్సెక్కాను. రెండు రోజుల తర్వాత రిజిస్టరు తెరిచి కిందటేడు రాసిందే దించాను. నమ్మకం కోసం రెండు చోట్ల తీగ బిగించినట్టు కలిపాను.

మా లైన్ ఇన్‌స్పెక్టరు గారు శ్రీకాకుళం నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన మనిషి. బోనాలు చూసి మొదటి ఏడు భయపడ్డాడట. తర్వాత తర్వాత పోతరాజు కొరడా మెడలో వేయించుకోవడానికి వరసలో అందరికన్నా ముందు నిలబడేవాడు. సంతకం పెట్టబోతూ కళ్ళజోడు మీంచి నన్ను చూశాడు.

"ఏటిరా నాయనా, దారంతా నడిసొచ్చీసినావా?"

"నడిచొచ్చిన సార్."

"కాళ్ళతో నడిసినావా, నోటితో నడిసినావా?"

ఆఫీసంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. ఆయన సంతకం పెట్టేశాడు.

పెద్దాయనకు చెప్పడానికి వెళ్ళినప్పుడైనా ఒక్క ముక్కతో ఊరుకుంటే బాగుండేది. అబద్ధం ఆడితే దానికి కాళ్ళూ చేతులూ పెట్టకుండా ఉండలేను నేను. "మలుపు కాడ తీగ మీద పావురం కూసున్నది తాతా," అన్నాను. "కట్టె దానికింద పట్టిన. పావురం ఇటు చూసింది, అటు చూసింది, లెవ్వలే. దాని కాళ్ళకు గుడ్డ తాకితే గదా! బెత్తెడు సందుంది." ఆయన పళ్ళు లేని నోటితో నవ్వి, "నీ నోట్ల చక్కెర పొయ్య" అన్నాడు. గుమ్మంలో చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చున్న కూతురు కూడా నవ్వింది. నేనింకా వాకిట్లో ఉండగానే ఆయన ఆరో అంతస్తు బద్దలు చేతికి తీసుకున్నాడు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి తొట్టెల లేచింది. మబ్బు పట్టి ఉంది, వాన లేదు. అల్లుడు తలమీద ఎత్తుకున్నాడు. నాలుగు తాళ్ళు, డప్పులు, పసుపు పూసుకున్న పోతరాజు, వెనక బోనాలెత్తిన ఆడవాళ్ళు. పెద్దాయన తొట్టెలకు ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తూ, కళ్ళు దాని కొస మీదే ఉంచి, "మెల్లగ, మెల్లగ" అంటున్నాడు. ఆ లైనుకు కరెంటు ఆపించాం. నేను కొసన కొక్కెం ఉన్న కర్రతో ముందు నడుస్తున్నాను. ఇన్‌స్పెక్టరు గారు స్కూటరు తోసుకుంటూ పక్కన. ఏడుచోట్ల తీగలు దాటాం. రెండు చోట్ల కేబుల్ టీవీ తీగలు కొక్కెంతో ఎత్తితే వేలెడు సందులో చిలకలు దాటిపోయాయి. జనం ఈలలు.

ఎనిమిదోది మలుపు. నీలం అద్దాల భవనం మూడో అంతస్తు కిటికీలోంచి ఎదురు బిల్డింగు మీదికి తీగల కట్ట ఒకటి వేలాడుతోంది. నా తొడంత లావు. లోపల ఉక్కు తీగ, దాని చుట్టూ నల్లటి కేబుళ్ళు. కరెంటు తీగ కాదు కాబట్టి కరెంటు ఆపినా లాభం లేదు. కొక్కెం వేసి ఇద్దరం వేలాడి ఎత్తితే జానెడు లేచింది. మూడడుగులు కావాలి.

డప్పులు ఆగాయి.

"కోసెయ్ అన్నా, ఏం చూస్తున్నవ్!" అన్నారు వెనక నుంచి.

నా జేబులో కటింగ్ ప్లేయరు ఉంది. తీశాను కూడా. అంతలో పైనుంచి ఒకమ్మాయి మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. మెడలో కార్డు, కాళ్ళకు చెప్పులు లేవు. "అన్నా, ప్లీజ్ అన్నా. రేపు పొద్దున అమెరికాకు ఇయ్యాల్సింది నడుస్తున్నది. లైన్ పోతే మా టీమంతా ఇంటికే. నేను సుత ఇక్కడిదాన్నే. మా ఇంట్ల బోనం ఉన్నది, నేను పోలే, డ్యూటీ అన్నా."

"మనది కాని తీగ మనం కొయ్యకూడదురా నాయనా," అన్నాడు ఇన్‌స్పెక్టరు గారు గొంతు తగ్గించి. "ఉజ్జోగాలు పోతాయి."

నేను ఆ అమ్మాయి మెడలో కార్డు చూస్తూ నిలబడ్డాను. అలాంటి కార్డే నాకూ కావాలి. ప్లేయరు చేతిలో ఉంది, చెయ్యి లేవలేదు. ముసలాయన నా దగ్గరికి వచ్చాడు. తీగ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నువ్వు నడవలే గదా పిలగా?" అన్నాడు. కోపం లేదు గొంతులో. నేను తల దించుకున్నాను.

ఆయన దుకాణం వాళ్ళ బల్ల తెప్పించి, తొట్టెలను నిలువుగానే దాని మీద దింపించాడు. మా నిచ్చెన వేయించాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, చేతులు వణుకుతున్నవాడు, నిచ్చెనెక్కి పై అంతస్తు ముడి మీద వేలు పెట్టాడు.

"తాతా, కత్తి తీస్కో, ఐదు నిమిషాల పని," అన్నాడొకడు.

"కత్తి తాకొద్దు," అన్నాడు.

తను వేసిన ముళ్ళు తనే విప్పడం మొదలుపెట్టాడు. దారం మీద జిగురు ఎండి గట్టిపడింది. గోరుతో గీకాలి, పంటితో లాగుదామంటే పళ్ళు లేవు. ఒక్కో ముడి విప్పి, ఒక్కో బద్ద కూతురికి అందిస్తున్నాడు. పోతరాజు మెట్ల మీద కూర్చుని గోళీసోడా తాగాడు, చెమటకు పసుపంతా చారలు కట్టింది. డప్పులవాళ్ళు డప్పులు చల్లబడ్డాయని కాగితాలు మంటేసి కాచుకున్నారు. వెనక నుంచి ఇంకో బస్తీ ఊరేగింపు వచ్చింది. ట్రాలీ మీద నిలువెత్తు స్పీకర్లు, హారన్లు. "జరుగుండ్రి, జరుగుండ్రి" అంటూ మమ్మల్ని రాసుకుంటూ దాటిపోయింది. వాళ్ళ తొట్టెల కొనుక్కొచ్చిన థర్మాకోల్ బొమ్మ, మోకాలెత్తు. ట్రాలీ కప్పు మీద కూర్చుని తీగ కిందనుంచి హాయిగా వెళ్ళింది. పైన నీలం అద్దాల వెనక వరసగా ముఖాలు.

రెండంతస్తులు దిగాయి. ఐదంతస్తుల తొట్టెల మళ్ళీ లేచింది, తీగ కింద దాటింది, డప్పులు అందుకున్నాయి. పెద్దాయన కదల్లేదు. విప్పిన బద్దలూ చిలకలూ ఒళ్ళో పెట్టుకుని ఆ భవనం మెట్ల మీద కూర్చున్నాడు.

"నువ్వు రా నాయినా," అంది కూతురు, చంటిదాన్ని భుజాన వేసుకుని.

"మీరు పోండ్రి బిడ్డా. ఏడని చెప్పి ఐదు పట్టుకపోతే, ఏ మొఖం పెట్టుకొని నిలబడాలె అమ్మ ముంగట."

"అమ్మకు తెల్వదా నాయినా, గిట్ల అయ్యిందని?"

"తెలుస్తది. నువ్వు పో, పొద్దువోతున్నది."

బతుకమ్మ రాకముందే ఆయన పోయాడు. ముసలితనం, అంతకు మించి జబ్బేం లేదన్నారు. పదోనాడు మా సెక్షను వాళ్ళమంతా వెళ్ళాం. నేను గుమ్మం దాటలేదు. లోపల ఆ రెండంతస్తులూ మళ్ళీ కట్టి దూలానికి వేలాడదీసి ఉన్నాయి. ఎప్పుడు కట్టాడో, ఆ చేతులతో. ఫ్యాను గాలికి చిలకలు తిరుగుతున్నాయి. కింద చాప మీద పడుకుని చంటిది వాటిని చూసి కాళ్ళు కొడుతోంది.

మరుసటి ఏడు నాకెవరూ డ్యూటీ వేయలేదు. గడ్డిలోంచి ఆ పద్దెనిమిది అడుగుల కర్ర తీసి నేనే నడిచాను. మూడు రోజులు. మలుపులో ఆ తీగల కట్ట ఎవరిదో కనుక్కుని, వాళ్ళ ఆఫీసు చుట్టూ తిరిగి, బతిమాలి, బెదిరించి, పైకి కట్టించాను. బస్తీ నుంచి గుడిదాకా ఎక్కడా పసుపు గుడ్డకు తీగ తగల్లేదు. ఆదివారం రోడ్డు మీద నిలబడ్డాను. దుకాణంలో కొన్నవి వచ్చాయి. చేత్తో పట్టుకున్నవి, స్కూటరు హ్యాండిలుకు కట్టినవి. నేను లేపించిన ఎత్తులో గాలి తప్ప ఏదీ వెళ్ళలేదు.

జావా ఏమైందంటారా? అమెరికాలో ఏదో బుడగ పగిలిందన్నారు, ఇన్‌స్టిట్యూటుకు షట్టరు పడింది. నా సర్టిఫికెట్టు మీద మా అమ్మ చాలాకాలం అప్పడాలు ఎండబెట్టింది.

ఇప్పుడు బోనాలు చిన్నవైపోయాయని నేను అనను. పదింతలయ్యాయి. రోడ్డు పట్టనంత జనం, లైట్లు, పైన ఎగిరే కెమెరాలు. ఆఫీసుల అమ్మాయిలు సెలవు పెట్టుకుని, పట్టుచీరలు కట్టుకుని బోనం ఎత్తుతున్నారు. చూస్తే కడుపు నిండుతుంది. అడ్డంగా పెరిగింది పండగ. ఎత్తే తగ్గింది. కొత్తగా చేరిన పిల్లల్లారా, ఆ కొలత కర్ర ఇప్పుడు మీ ఆఫీసులో బూజు దులపడానికి వాడుతున్నారు, చూశాను.

సరే. మొదట్లో ఆన పెట్టాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఇందులో నేను కల్పించింది ఒకటుంది. కుక్క కాదు.

ఆ ఆదివారం నేను అక్కడ లేను.

ఆ రోజు బేగంపేటలో నాకు పరీక్ష. కడుపునొప్పని చెప్పి సెలవు పెట్టాను. జేబులో ప్లేయరు లేదు, చేతిలో కొక్కెం కర్ర లేదు. ఆ అమ్మాయి నిజమే, చెప్పుల్లేకుండా దిగి వచ్చిందీ నిజమే. బతిమాలింది నన్ను కాదు, ఇన్‌స్పెక్టరు గారిని. తొట్టెల ఆగిపోయిన వేళకు నేను ఏసీ గదిలో కూర్చుని, సరైన జవాబుకు ఎదురుగా గళ్ళు నింపుతున్నాను. "నువ్వు నడవలే గదా పిలగా" అని ఆయన నన్నెప్పుడూ అడగలేదు. ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు ఆయన చేత ఆ మాట నేనే అనిపించుకున్నాను.

సోమవారం పొద్దున డ్యూటీకి వెళ్తే ఇన్‌స్పెక్టరు గారు జరిగిందంతా చెప్పాడు. తీగ దగ్గర జనం నన్ను తిట్టడం మొదలుపెట్టారట, కరెంటోడు చూడకుండానే చెప్పిండని. పెద్దాయన నిచ్చెన మీదనుంచే వాళ్ళను కసిరాడట. "ఆ పిలగాన్ని ఏం అనకుండ్రి. పావురం కాళ్ళ కింద కట్టె పట్టి చూసిండు వాడు. వాడు చూసిపోయినంక ఎవరో కట్టిండ్రు గీ తీగ. వాడే ఉంటే గిట్ల కానిచ్చేటోడా?"

చెప్పి, ఇన్‌స్పెక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నడిసినావు కదరా నాయనా?" అన్నాడు. ఈసారి వేళాకోళం లేదు.

"నడిచిన సార్," అన్నాను.